తెరచాప పడవలో మరుగుదొడ్డి

ఇరవై రెండేళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకుంటున్న వాణ్ణి. ప్రబంధాల్లోని సముద్ర వర్ణనలు పిల్లలచేత కంఠతా పట్టించాను. నావలెక్కి పోయే రాజుల గురించీ వర్తకుల గురించీ గంటలకొద్దీ మాట్లాడాను. ఆ నావల్లో మనిషికి తెల్లవారి లేవగానే కావలసిన చోటు ఎక్కడుండేదని నేను చదివినంతలో ఏ కవీ చెప్పలేదు, ఏ విద్యార్థీ అడగలేదు, నాకూ తోచలేదు. 2024 వేసవిలో, అమెరికాలో, మేరీలాండు రాష్ట్రంలోని అనాపొలిస్ రేవులో, ఒక చిన్న పడవ అడుగున బోర్లా పడుకుని, నోట్లో టార్చిలైటు కరిచిపట్టుకుని గొట్టం బిగిస్తున్నప్పుడు తోచింది.

ఈ సంగతి నలుగురూ చదివే పత్రికకు రాయవచ్చునా అని చాలారోజులు సందేహించాను. మా ఆవిడ మాత్రం, "రాయండి, అందరిళ్ళలోనూ వుండేదే గదా!" అని తేల్చేసింది. సరేనని కూర్చుంటే మాటల దగ్గరే కలం ఆగింది. దొడ్డికి వెళ్ళడం అంటాం. దొడ్డి అంటే పెరడు. చెంబు పట్టుకు వెళ్ళాడంటాం. పాపం చెంబేం చేసింది? పాయిఖానా పారశీకం నుంచి వచ్చింది, లెట్రిను ఇంగ్లీషు నుంచి వచ్చింది. మరుగుదొడ్డిలో మరుగు ముందే వుంది. ఇంగ్లీషు నావికులు మనకంటే గడుసువాళ్ళు. పడవలో ఆ గదిని వాళ్ళు 'హెడ్' అంటారు, అంటే తల. పూర్వపు తెరచాప ఓడల్లో నావికులు ముందుభాగానికి, మన పడవవాళ్ళు అణియం అనే చోటికి, వెళ్ళి పని కానిచ్చుకునేవారు. గాలి ఎక్కువగా వెనకనుంచి వీస్తుంది గనక వాసన ఓడమీదికి రాదు, అలలు వచ్చి కడిగిపోతాయి. ఆ ఓడలు పోయాయి, పేరు మాత్రం నిలిచింది.

మా చెల్లెలూ బావగారూ ఆ దేశంలో స్థిరపడి పద్ధెనిమిదేళ్ళయింది. బావగారిది కంప్యూటరు వుద్యోగం. రోజంతా తెర చూసి చూసి విసుగెత్తి, 2023 చివర ఆయన ఒక పాత తెరచాప పడవ కొన్నారు. 27 అడుగుల పొడవు, 1970ల నాటి ఫైబరుగ్లాసు పడవ. లోపల ఒక బుల్లి వంటగట్టు, ఇద్దరు కాళ్ళు చాపుకునే బల్లలు రెండు, అణియంలో ముక్కోణంగా ఒక పడక, ఆ పడకకీ ఈ బల్లలకీ మధ్య బీరువా అంత గది. ఆ గదే తల. కొత్త కారు ఖరీదులో అయిదోవంతుకు వచ్చిందని బావగారి సంతోషం. మిగతా నాలుగు వంతులూ మరమ్మతులకే పోతాయని మా చెల్లెలి గోల.

ఆ వేసవి సెలవుల్లో నాన్నగారిని వెంటబెట్టుకుని నేను వెళ్ళాను. ఆయనకు అప్పటికి ఎనభై ఒకటి. పడవ అన్న మాట వినగానే ఆయన కళ్ళు మెరిశాయి. చిన్నప్పుడు, 1950ల్లో, కాకినాడ కాలవ మీద రాత్రంతా పడవ ప్రయాణం చేసిన మనిషి. గాలి వుంటే తెరచాప ఎత్తేవారట, లేకపోతే గట్టుమీదనుంచి తాడుతో లాగేవారట. "ఒక్క రాత్రి నీళ్ళమీద పడుకోవాలిరా," అన్నారు విమానంలోనే.

చెసపీక్ అఖాతం దాదాపు 200 మైళ్ళ పొడవున లోపలికి చొచ్చుకొచ్చిన నీరు. లోతు సగటున 21 అడుగులు మాత్రమే. ఉప్పూ చప్పనా కలిసిన నీళ్ళు, కోరంగి ప్రాంతంలో మన గోదావరి పాయల్లో వున్నట్టే. మొదటి ఆదివారం అందరం బయలుదేరాం. వల్ల కాక మా చెల్లెలు రేవులోనే దిగిపోయింది. లోపలికి తలపెడితే ఒకటే కంపు! కుళ్ళిన కోడిగుడ్లు నాలుగు రోజులు మూతబెట్టి తీసినట్టు వుంది. "ఈ పడవ మీకూ, మీకు ఈ పడవా!" అని ఆవిడ గట్టుమీద కుర్చీ వేసుకుని కూర్చుంది. మేము ముగ్గురం పైన గాలిలో కూర్చుని నాలుగైదు గంటలు తిరిగి వచ్చాం. జూను ఎండ. బావగారూ నేనూ సీసాలకు సీసాలు నీళ్ళు తాగాం. నాన్నగారు మాత్రం, "నాకు దాహం లేదురా," అంటూ వచ్చారు. రేవులో దిగుతుంటే ఆయన కాలు తడబడింది. చెయ్యి పట్టుకుంటే వొళ్ళు కాలిపోతోంది. పెదిమలు పిడచకట్టుకుపోయాయి.

ఇంటికి తీసుకువెళ్ళి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గ్లాసు తరవాత గ్లాసు పట్టించింది మా చెల్లెలు. తేరుకున్నాక కోప్పడింది కూడా. అప్పుడు ఆయన తలవంచుకుని చెప్పిన మాట ఇది: "మా అమ్మ పడవెక్కే రోజు మధ్యాహ్నం నించీ మంచినీళ్ళు ముట్టేది కాదమ్మా. పడవ తెల్లారేదాకా గట్టుకి రాదు. మగవాళ్ళు సరంగుతో చెప్పి ఎలాగో కానిచ్చుకునేవారు. ఆడవాళ్ళు ఎవరితో చెబుతారు? నాకూ ఈ వయసులో గంటకోసారి లేవాలి. అల్లుడుగారి పడవలో ఆ గది తలుపు తియ్యడానికే భయమేసింది. అడిగితే ఆయన ప్రయాణం పాడవుతుంది. అందుకని..."

బావగారు పక్కగదిలో వున్నారు. విన్నారని నాకు తెలుసు. ఆ రాత్రి ఆయన భోజనం సరిగ్గా చెయ్యలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ, "బావగారూ, మీకు ఇంకా ఆరు వారాలుంది గదా. నాకు సాయం పడతారా?" అన్నారు.

పడవలో మరుగుదొడ్డి ఎలా పనిచేస్తుందో చెబితేగాని మిగతా కథ అర్థంకాదు. పింగాణీ గిన్నె మనకు తెలిసిందే. పక్కన చేతితో ఆడించే పంపు వుంటుంది. దాన్ని పైకీ కిందికీ ఆడిస్తే బయటి నీళ్ళు గిన్నెలోకి వస్తాయి, గిన్నెలో వున్నది ఒకటిన్నర అంగుళాల గొట్టంలోంచి పోయి పడక కింద వున్న ట్యాంకులో పడుతుంది. ట్యాంకుకి మరో రెండు దారులుంటాయి. ఒకటి పైన డెక్కుమీద వున్న ఇత్తడి మూత దాకా వెళ్ళే లావుపాటి గొట్టం. రేవులో ఆ మూత తీసి యంత్రంతో పీల్చేస్తారు. రెండోది గాలిగొట్టం. అది పడవ పక్కనున్న చిన్న రంధ్రంలోకి తెరుచుకుంటుంది. అందరూ మర్చిపోయేది ఈ గాలిగొట్టాన్నే.

"ఇదంతా ఎందుకు, ఇన్ని నీళ్ళున్నాయి, బయటికి వదిలేస్తే పోలేదా?" అని అడిగాను, గోదావరి వొడ్డున పెరిగిన వాణ్ణి గనక. బావగారు నవ్వారు. 1972లో వచ్చిన నీటి శుద్ధి చట్టం ప్రకారం అమెరికా లోపలి జలాల్లోనూ, తీరంనుంచి మూడు మైళ్ళ లోపలా శుద్ధి చెయ్యని మురుగు వదలకూడదు. చెసపీక్‌లో ఎక్కడున్నా ఆ గీతకు లోపల వున్నట్టే. పాత పడవలో బయటికి వదలడానికీ ట్యాంకులోకి మళ్ళించడానికీ రెండు దారుల కుళాయి ఒకటి వుంది. అఖాతం దాటని పడవకి అది అనవసరం, పైగా కారడానికి మరి నాలుగు అతుకులు. బావగారు దాన్ని పీకేయడానికి నిశ్చయించారు. 1992లో ఇంకో చట్టం చేసి, రేవుల్లో ఈ ట్యాంకులు ఖాళీచేసే యంత్రాలు పెట్టడానికి కేంద్రం డబ్బు ఇస్తూ వచ్చింది. అనాపొలిస్‌లో అయితే ఆ యంత్రాన్ని మోసుకుని పడవే మన దగ్గరికి వస్తుంది. పిలవాలి, అంతే. పాలవాడు ఇంటికొచ్చినట్టు వాళ్ళు వచ్చి తీసుకుపోతారు.

శనివారంనాడు శోధన మొదలుపెట్టాం. బావగారు పైన, నేను కింద. "పంపు ఆడించి చూడండి," అన్నారు. ఆడించాను. నాలుగు సార్లు బాగానే వెళ్ళింది. అయిదోసారి చెయ్యి బిగుసుకుంది. బలంకొద్దీ నొక్కాను. గిన్నెలో నీళ్ళు గుడగుడమని వెనక్కి తన్నాయి. అక్కడితో ఆగవలసింది. నాకేం తెలుసు? ఇంకో రెండుసార్లు నొక్కాను. అదే సమయంలో పైన బావగారు ట్యాంకు నిండిందేమో చూద్దామని ఇత్తడి మూత తిప్పారు.

ఆ తరవాత జరిగింది వర్ణించడానికి అష్టాదశ వర్ణనల్లో చోటు లేదు. బుస్సుమన్న చప్పుడు మాత్రం నాకు వినిపించింది. పైకి వచ్చేసరికి బావగారు రెండు చేతులూ దూరంగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడి వున్నారు. తెల్లచొక్కా. గట్టుమీదనుంచి మా చెల్లెలు, "అన్నయ్యా, నీళ్ళగొట్టం అటుంది!" అని అరిచింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

కారణం గాలిగొట్టం మూసుకుపోవడం. లోపలికి ఎంత పంపితే అంత గాలి బయటికి పోవాలి. పోయే దారి లేకపోతే ఆ గాలి నలిగి నలిగి పగతో కూర్చుంటుంది. దారి దొరకగానే దొరికిన దారిన వస్తుంది. పంపు చెయ్యి బిగుసుకోవడమే హెచ్చరిక. అలా బిగుసుకుంటే ఇంకా నొక్కకూడదు, మూత తియ్యకూడదు. ముందు గాలిగొట్టం చూడాలి.

చూశాం. పాత యజమాని వేసిన గొట్టం అరంగుళం లావు కూడా లేదు. ట్యాంకు మీదనుంచి తిన్నగా పైకి పోవలసింది పోయి, అరకింద వంగి, కిందికి జారి, అక్కడ వొడిలో తడి నిలిచి, మళ్ళీ పైకెక్కింది. ఆ వొడిలో నిలిచిన తడి ఎండి బిరడా అయింది. ఇక బయటి కొసన, అంగుళం లేని ఆ రంధ్రంలో, కందిరీగ మట్టితో ఇల్లు కట్టుకుంది! మా ఊళ్ళో తలుపు గొళ్ళెం చిల్లుల్లో కట్టే జాతి వంటిదే. దాన్ని పుల్లతో తవ్వి తీస్తూ, ఇంత దూరం వచ్చి నిన్ను కలుసుకున్నానా అనుకున్నాను.

గొట్టం ఊడదీసి, ట్యాంకులోకి గాలి ఆడేటట్టు చేసి, అప్పుడు పీల్చే పడవను పిలిపించాం. అంతా ఖాళీ చేయించి, రెండుసార్లు మంచినీళ్ళతో కడిగించి, ట్యాంకు బయటికి తీస్తే, దాని రెండు పక్కలూ లోపలికి సొట్టపడి వున్నాయి. ఇది రెండో ప్రమాదం. గాలి లోపలికి రాకుండా యంత్రం పీలిస్తే, తాగేసిన కొబ్బరినీళ్ళ ప్లాస్టిక్ సీసాలాగ ట్యాంకు చప్పిడిపోతుంది. అతుకులు విడిపోతాయి. ఎన్నిసార్లు విడిపోయి ఎంత కారిందో ఆ పడక కింద చెక్కే చెప్పింది.

ఆ పని చేసేటప్పుడు బావగారు పడవ తలుపులన్నీ తెరిపించి, ఒక బుల్లి ఫ్యాను పెట్టి, నన్ను ఒంటరిగా కిందికి దిగనివ్వలేదు. ఆ కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. కొంచెమైతే కంపు. ఎక్కువైతే అది ముందు మన వాసన చూసే శక్తినే చంపేస్తుంది. వాసన పోయిందిలే అనుకునేలోపల మనిషిని పడగొడుతుంది. ఆ మాట వినగానే నా చేతులు ఆగిపోయాయి. మన ఊళ్ళలో సెప్టిక్ ట్యాంకులోకి దిగి పోయిన మనుషుల వార్తలు ఎన్ని చదవలేదు? ఒకడు దిగి పడిపోతే, వాణ్ణి తియ్యడానికి దిగినవాడూ పోతాడు. మనుషుల చేత ఆ పని చేయించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. అలా పోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు అంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. నా చేతులతో నేను ఈ పని ముట్టుకోవడం నలభై ఎనిమిదేళ్ళలో అదే మొదలు. మా చిన్నప్పుడు వెనకసందు తలుపులోంచి వచ్చి ఈ పని చేసి వెళ్ళే మనిషి ఒకతె వుండేది. ఆవిడ పేరేమిటో గుర్తు తెచ్చుకోవాలని ఆ సాయంత్రమంతా ప్రయత్నించాను. మర్చిపోయానా, అసలు ఎప్పుడూ అడగలేదా అన్నది తేలలేదు. నాన్నగారిని అడిగితే ఆయనా కొంతసేపు ఆలోచించి వూరుకున్నారు.

కొత్త ట్యాంకు సంగతికి వస్తాను. పడక కింద చోటు ముక్కోణం, అందులోనూ ఏ రెండు పక్కలూ తిన్నగా లేవు. బావగారు అట్టపెట్టెలు కోసి, ఆ అట్టతో ముందు ఒక ఉత్తుత్తి ట్యాంకు తయారుచేశారు. అది లోపలికి దూరి తిరిగి బయటికి వచ్చాకనే అసలుదానికి డబ్బు కట్టారు. మందపాటి ప్లాస్టిక్ ట్యాంకు, 15 అమెరికన్ గ్యాలన్లు, అంటే సుమారు 57 లీటర్లు. నిండితే 57 కిలోల బరువు. అణియంలో ఒక మనిషి కూర్చున్నట్టే. ఇంకా పెద్దది పెడితే పడవ ముక్కు కిందికి దిగుతుంది. పైగా ఆ బరువు నిలకడగా వుండేది కాదు. పడవ ఒరిగినప్పుడల్లా ఒక పక్కకి దొర్లుతుంది. అందుకని కింద ప్లైవుడ్ పీఠం, నాలుగుపక్కలా చెక్కదిమ్మలు, పైన రెండు పటకాలు. బావగారు దానిమీద ఎక్కి కూర్చుని అటూ ఇటూ వూగి చూశారు. పీఠం కదలలేదు.

ఇక గాలి సంగతి. దీని మీద ఆయన నాకు రెండు సాయంత్రాలు పాఠం చెప్పారు. నేను పాఠం చెప్పేవాణ్ణి గనక మంచి విద్యార్థిని కాను. అయినా వినక తప్పలేదు. మలంలో రెండు రకాల సూక్ష్మజీవులు పనిచేస్తాయి. ప్రాణవాయువు అందినంతకాలం ఒక రకంవాళ్ళు పెత్తనం చేస్తారు. వాళ్ళు విడిచేది బొగ్గుపులుసు వాయువు, దానికి వాసన లేదు. గాలి అందకపోతే రెండో రకంవాళ్ళు లేస్తారు. కోడిగుడ్డు కంపు వాళ్ళ సొత్తు. అంటే, కంపు ట్యాంకులో వున్నదానివల్ల కాదు, ట్యాంకులో లేనిదానివల్ల. ఇందులో ఇంకో చిక్కుంది. బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువు. మంచివాళ్ళు విడిచిన ఆ వాయువే దుప్పటిలా మురుగు మీద పరుచుకుని, కొత్తగాలిని కిందికి రానివ్వదు. ఆ దుప్పటిని లాగడానికి గాలి ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కకి పోవాలి. మనం ఇల్లు కట్టుకునేటప్పుడు ఎదురెదురు కిటికీలు పెట్టుకోమూ?

అరంగుళం గొట్టం ఒక్కటే వుంటే ట్యాంకు పగలకుండా కాపాడుతుందేమో గాని, దానికి ఊపిరి చాలదు. కనక రెండు గొట్టాలు, ఒక్కోటి అంగుళం లావు. ట్యాంకు పైతట్టు నుంచి ఒకటి పడవ ఎడమపక్కకి, ఒకటి కుడిపక్కకి. పొట్టిగా, వంపులు లేకుండా, పోయినంతసేపూ పైకే పోతూ. ఎక్కడా కిందికి జారి మళ్ళీ ఎక్కకూడదు. జారినచోట తడి నిలుస్తుంది, నిలిచిన తడి బిరడా అవుతుంది. కంపు రాకుండా మధ్యలో బొగ్గుపొడి పెట్టెలు అమ్ముతారు. బావగారు వద్దన్నారు. బొగ్గు తడిస్తే అదే బిరడా. కందిరీగల కోసం సన్నజాలీ పెడదామన్నాను. అదీ వద్దన్నారు, జాలీకి పట్టేది పడుతుంది. పడవ రేవుకొచ్చినప్పుడల్లా బయటినుంచి నీళ్ళగొట్టం పెట్టి కాసేపు కొట్టాలి, అంతే మందు.

రంధ్రాలు చెయ్యవలసిన రోజు వచ్చింది. మంచి పడవకి మన చేత్తో మనమే చిల్లు పెట్టడమంటే ఎలా వుంటుందో ఊహించండి. బావగారు డ్రిల్లు చేత్తో పట్టుకుని పావుగంట నిలబడ్డారు. తెరచాప పడవ గాలికి ఒరిగి నడుస్తుంది. ఒరిగిన పక్కన చిల్లు నీళ్ళలో మునిగితే ట్యాంకు అఖాతాన్ని తాగుతుంది. అందుకని సాధ్యమైనంత పైన, డెక్కు అంచుకి వేలెడు కింద గుర్తుపెట్టారు. మూడుసార్లు కొలిచారు. నాన్నగారు గట్టుమీద కుర్చీలో కూర్చుని, "ఇంకో అంగుళం పైకి, అల్లుడుగారూ," అన్నారు. ఆయన ఇంజనీరు కారు, తాలూకాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అయినా బావగారు గుర్తు అంగుళం పైకి జరిపారు. సీలు పూసి, బిగించి, ఆరబెట్టాం.

గొట్టాలు మార్చడం నా వంతు. పాతవాటిని వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి, గుడ్డ వాసన చూడమన్నారు. చూశాను. గొట్టమే లోపలనుంచి కంపుని పీల్చుకుని బయటికి విడుస్తోంది! అలాంటి గొట్టాన్ని ఎంత కడిగినా లాభంలేదు, పారెయ్యాలి. కొత్తవి చాలా గట్టివి, వంగవు. కొసని మరిగే నీళ్ళలో పెట్టి, మెత్తబడ్డాక లోపల గిన్నెలు తోమే సబ్బు రాసి, ఒక్క తోపుతో ఎక్కించాలి. ఆలస్యమైతే మళ్ళీ బిగుసుకుంటుంది. ప్రతి అతుకుకీ స్టీలు క్లిప్పులు రెండేసి. మూడు రోజులకి నా అరచేతుల్లో బొబ్బలు లేచాయి. సుద్దముక్క తప్ప బరువు మొయ్యని చేతులు మరి. టార్చిలైటు కరిచిపట్టుకున్నది అప్పుడే.

అంతా అయ్యాక మంచినీళ్ళు నింపి ఒక రాత్రి వుంచాం. అతుకుల కింద కాయితం పరిచాం. తెల్లారి చూస్తే కాయితం పొడి. పీల్చే పడవ వచ్చింది. యంత్రం ఆన్ చేసినప్పుడు బావగారు నాకు ఒక పల్చటి కాయితపు ముక్క ఇచ్చి, పడవ పక్కన గాలిరంధ్రం దగ్గర పట్టుకోమన్నారు. కాయితం రెపరెపలాడి, రంధ్రంవైపు వంగి, టక్కున అతుక్కుంది. రెండో పక్కన నాన్నగారి చేతిలో కాయితం కూడా అంతే. "ఊపిరి తీస్తోందిరా!" అన్నారు ఆయన.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేశాను. మా డాబామీద సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం వుంది. వాసనొస్తోందని రెండేళ్ళ క్రితం దాని మూతికి ప్లాస్టిక్ సంచీ చుట్టి తాడు కట్టిన ఘనుణ్ణి నేనే. అప్పటినుంచీ స్నానాలగదిలో కంపు. ప్లంబరుని తిట్టాను, మున్సిపాలిటీని తిట్టాను. "ఆ సంచీ విప్పేయించు," అన్నాను మా ఆవిడతో. "మీరు విమానమెక్కిన మర్నాడే విప్పేశాను," అంది.

ఇక మిగిలింది చెంబు. అమెరికావాళ్ళ పడవ శాస్త్రమంతా కాయితం చుట్టూ తిరుగుతుంది. ఏ కాయితం కరుగుతుంది, ఎంత వెయ్యాలి, అని. నాన్నగారికి చెంబు లేనిదే కుదరదు. నేనూ బావగారూ కూర్చుని లెక్కవేశాం. పంపుతో లోపలికి వచ్చే నీళ్ళు మనిషికి మూడు నాలుగు లీటర్లు. ఒకటిన్నర అంగుళాల గొట్టం అడుగు పొడవులో సుమారు 350 మిల్లీలీటర్లు నిలుస్తాయి. అది గొట్టంలో ఆగిపోకుండా ట్యాంకుదాకా చేరేటట్టు పంపు ఆడించాలి, లేకపోతే గొట్టమే మళ్ళీ కంపు పడుతుంది. దానికి చెంబుడు నీళ్ళు కలిపితే మొత్తం నాలుగున్నర లీటర్లు. 57 లీటర్లకి పన్నెండు సార్లు. ఒక రాత్రికి ముగ్గురికి చాలు. పైగా ఒక మేలు కూడా బయటపడింది. అఖాతం నీళ్ళు గిన్నెలోనూ గొట్టంలోనూ నిలవుంటే వాటిలోని సన్నజీవాలు చచ్చి కుళ్ళుతాయి. ట్యాంకు ఎంత బాగున్నా గిన్నె కంపు కొడుతుంది. అందుకని చివర మంచినీళ్ళు పోసి కడగమని శాస్త్రం. చెంబు ఆ పనే చేస్తోంది! బావగారు బజారుకి వెళ్ళి, దొరకక, చివరికి ఇంటి పూజగదిలోంచి స్టీలుచెంబు తెచ్చి, ఆ గదిలో కొక్కెం కొట్టి తగిలించారు. మా చెల్లెలికి ఈ సంగతి ఇంకా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

జూలై రెండో వారంలో బయలుదేరాం. ఈసారి చెల్లెలు కూడా ఎక్కింది. ముందు తల లోపలికి పెట్టి, వాసన చూసి, మారుమాటాడకుండా అన్నం కేరియరు లోపల పెట్టింది. సెవర్న్ నది మూతి దాటి దక్షిణంగా తిరిగాం. కుడివైపు నీళ్ళ మధ్య ఇనుపకాళ్ళ మీద నిలబడ్డ ఆరుపలకల దీపస్తంభం కనిపించింది. థామస్ పాయింటు దీపం అది, 1875 నాటిది. సాయంత్రానికి రోడ్ నదిలోకి మళ్ళి, చెట్ల నీడలో లంగరు వేశాం. పేరు నది గాని, అదీ అఖాతం చెయ్యే. నీళ్ళు చెరువులా వున్నాయి. పులిహోర తిన్నాం. నాన్నగారు ముందుగదికి దగ్గరగా వున్న బల్లమీద పడుకున్నారు.

రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. పన్నెండింటికి తలుపు చప్పుడయింది. పంపు చప్పుడు లెక్కపెట్టాను. తడవకి పదిహేను సార్లు ఆడించమని బావగారు చెప్పారు. నాన్నగారు పదిహేనూ ఆడించారు, పదహారోది కూడా. చెంబు కొక్కేనికి తగిలి టింగుమంది. రెండున్నరకి మళ్ళీ. నాలుగింటికి మూడోసారి అయ్యాక ఆయన పడకకి తిరిగి రాలేదు. మెట్లెక్కి చూశాను. అమరం దగ్గర, చుక్కాని పక్కన, శాలువా కప్పుకుని కూర్చున్నారు. దూరాన ఏదో పడవ లంగరుదీపం. నీళ్ళమీద పొగమంచు పల్చగా వుంది.

"మా అమ్మ ఇక్కడ కూర్చునేదిరా," అన్నారు, చుక్కాని దగ్గర చోటు చూపిస్తూ. "తెల్లారేదాకా అలాగే, మోకాళ్ళు కావలించుకుని."

నేనేమీ అనలేదు. ఆయన పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయనే అన్నారు:

"లోపల మంచినీళ్ళ సీసా వుందిగా? ఇలా పట్రా."

తెచ్చి ఇచ్చాను. సగం సీసా ఒక్క గుక్కలో తాగారు.